సున్నా బయట చుక్క

“నాకు చక్కెర వద్దు అత్తయ్యా,” అన్నారు ఇద్దరు కోడళ్ళూ ఒకేసారి.

అత్తగారు చెంచా తీసి చక్కెర డబ్బాలో పడేసింది. పదకొండు రోజులుగా ఇదే వరస. ఒకరు మొదలుపెట్టిన మాటను రెండోవారు ముగిస్తారు. ఒకరు తీద్దామనుకున్న గిన్నె మీద రెండోవారి చెయ్యి అప్పటికే ఉంటుంది.

“ఒక్క కోడలితో వేగేసరికే తల ప్రాణం తోకకొచ్చేది,” అంది అత్తగారు స్టవ్వు ఆపుతూ. “ఇప్పుడు ఇద్దరు. ఇద్దరికీ చక్కెర వద్దు. ఇద్దరికీ మధ్యాహ్నం తలనొప్పి. కనీసం తేడా ఉన్నదాన్నైనా తయారుచెయ్యలేకపోయారు ఆ కేంద్రం వాళ్ళు.”

ఆవిడ మొదటి కప్పు కిటికీ దగ్గర నిలబడ్డ కోడలి చేతికి ఇచ్చింది. రెండో కప్పు గట్టు మీద పెట్టింది, కావలసినవాళ్ళు తీసుకుంటారన్నట్టు. గుమ్మంలో నిలబడ్డ కోడలు ఆ తేడా చూసింది. కప్పు తీసుకుంది గానీ తాగలేదు.

కిటికీ దగ్గరున్న మనిషి ‘ఉన్నమ్మ’. గుమ్మంలో ఉన్న మనిషి ‘వచ్చినమ్మ’. తొమ్మిదేళ్ళ చిన్నది పెట్టిన పేర్లివి. పేర్లు పెట్టేటప్పుడు పిల్లలు ఎవరి మొహమాటమూ చూడరు. నాలుగు నెలల శిక్షణ ముగించుకుని వచ్చినమ్మ పెట్టెతో మెట్లెక్కినప్పుడు, ఆమె మొహంతోనే, ఆమె బట్టల్లోనే తలుపు తీసిన మనిషి ఉన్నమ్మ.

వచ్చినమ్మ అసలు, ఉన్నమ్మ నకలు. ఆ సంగతి మనకి తెలుసు. ఆ ఇంట్లో మాత్రం వచ్చినమ్మ తప్ప ఆ మాట అనే నోరు ఒక్కటీ లేదు. మనిషికి మనిషిని అచ్చుతీసే కేంద్రం వాళ్ళు పని శుభ్రంగా చేస్తారు. వేలిముద్రలు, పుట్టుమచ్చలు, ఆ రోజుదాకా ఉన్న జ్ఞాపకాలు అన్నీ దింపి ఇస్తారు. ఎవరు చేయించుకున్నారో మాత్రం బయటపెట్టరు. రెండేళ్ళ కిందటి దాకా ఇద్దరికీ ఒకే జీవితం, ఒకే పురుడు, ఒకే కోర్టు ఉద్యోగం.

మర్నాడు పదింటికి నమోదు కార్యాలయం నుంచి అధికారిణి వస్తుంది. నకలు ఎవరో తేలుస్తుంది. నకలని తేలినవాళ్ళు ఆమె బండిలోనే కేంద్రానికి వెళ్తారు. అక్కణ్ణుంచి ఇంటికి తిరిగివచ్చినవాళ్ళు ఇంతవరకూ లేరు.

నమోదు రిజిస్టరులో ఈ ఇంటి ఇల్లాలిగా చివరి సంతకం మూడు నెలల కిందటిది. అది ఉన్నమ్మది. దాన్ని కొట్టెయ్యాలంటే భర్త నోరు విప్పి ‘ఇదిగో, ఈమె నా భార్య’ అనాలి. ఆయన తెలియదంటే రిజిస్టరే గెలుస్తుంది.

ఆయన పదకొండు రోజులుగా తెలియదనే అంటున్నాడు.

*

“ఏవండీ, కాసేపు కూర్చోండి,” అంది వచ్చినమ్మ.

ముందుగదిలో ఆయన దుకాణానికి బయల్దేరుతున్నాడు. పెద్దవీధిలో కళ్ళద్దాల దుకాణం ఆయనది. చేతిలో నాలుగు జతల అద్దాలున్న చిన్న పెట్టె. ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని మోకాలి మీద నోటుపుస్తకం తెరిచింది.

“మళ్ళీ ఆ పుస్తకమా?”

“భయం వేస్తే నా చెయ్యి ఊరుకోదు. మీకు తెలుసుగా.”

“నాకేం తెలుసో నాకే తెలియడం లేదు,” అన్నాడు. కూర్చున్నాడు గానీ పెట్టె ఒళ్ళోంచి దించలేదు.

ఆమె కోర్టులో స్టెనో. పద్నాలుగేళ్ళుగా అదే పని. జడ్జి దగ్గినా, లాయరు తడబడినా, ముద్దాయి ఏడ్చినా ఆమె పెన్సిలు ఆగదు. రాసేటప్పుడు అర్థం వినకూడదని ఆమెకి పని నేర్పిన పెద్దాయన చెప్పేవాడు. అర్థం విన్నావో, చెయ్యి వెనకబడుతుంది. ముందు మాట రాయి, తర్వాత చదువుకుని ఏడు.

“రేపు ఆవిడ అడిగితే ఏం చెబుతారు?”

“ఉన్నదే చెబుతాను. ఎవరో నాకు తెలియదని.”

“పదకొండేళ్ళ కాపురం.”

“ఇద్దరికీ మెడ వెనక పుట్టుమచ్చ ఒకచోటే ఉంటే నన్నేం చెయ్యమంటావు? ఇద్దరూ పాప పుట్టిన రోజు సంగతి పొల్లుపోకుండా చెబుతున్నారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.”

“ఇందులో పాము ఎవరండీ?”

ఆయన మాట్లాడలేదు. ఆమె ఆ మౌనాన్ని కూడా ఓ అడ్డగీతతో రాసుకుంది.

“ఊరందరి చూపూ సరిచేస్తారు మీరు. పెళ్ళాం మొహం మీకు ఆనదా?”

“ఎత్తిపొడుపులు ఆపు.”

“నన్ను బస్సెక్కించింది మీరు. ఆ బస్సులో వెళ్ళింది నేను. నాలుగు నెలలు ఫోనూ లేదు, ఉత్తరమూ లేదు. రహస్య విచారణల శిక్షణ అంటే అంతే మరి. తిరిగొచ్చాను. ఇందులో తెలియకపోవడానికి ఏముంది?”

“తను తర్వాతి స్టాపులో దిగిపోయానంది. పిల్లని వదిలి ఉండలేక అదే సాయంత్రం ఇంటికొచ్చేశానంది. వచ్చింది నా భార్యే అనుకున్నాను. రెండో మనిషి ఒకతె ఉందని కలగన్నానా? నీ బదులు శిక్షణకి వెళ్ళింది నకలేమో, నువ్వే ఆ నకలేమో. నేనెలా చెప్పను?”

“నన్ను చూసి చెప్పండి.”

“అసలు వెళ్ళమన్నదెవరు?” ఆయన గొంతు పెరిగింది. “పిల్ల ఏడుస్తోందన్నాను. అమ్మకి మోకాళ్ళు బాగాలేవన్నాను. విన్నావా? పదోన్నతి అంటూ ఎగిరి గంతేశావు. అయినా నేనేమన్నా అన్నానా? సంచులు మోసింది నేను. సీటు చూసింది నేను. ఆ రోజు బస్టాండులో మేం టీ తాగుతుంటే వాన పట్టుకుంది. తడుస్తూ ఇంటికొచ్చి నాలుగు రోజులు జ్వరంతో పడున్నాను. అది ఎవరిక్కావాలి?”

“జ్వరం వచ్చిందా మీకు?”

“వచ్చింది. అడిగే దిక్కెవరు?”

ఆమె పెన్సిలు వేగంగా కదులుతూనే ఉంది. మనసులో మాత్రం జాలి వేసింది. ఈయన కూడా మోసపోయిన మనిషే కదా అనుకుంది. తన మొహం పెట్టుకుని ఎవరో వస్తే, పాపం నమ్మాడు. మోసపోవడం నేరం కాదు.

“ఎనిమిదింటికల్లా ఒకాయన అద్దాల కోసం వస్తానన్నాడు,” అని ఆయన లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా అన్నాడు. “ఎవరు వెళ్ళాల్సొచ్చినా నాకు బాధే.”

ఆ మాట కూడా ఆమె రాసుకుంది.

*

ఆ ఇంట్లో వచ్చినమ్మకి అలమరలో అర లేదు. ఆమె పెట్టె ఇంకా నడవాలోనే ఉంది. మధ్యాహ్నం ఆమె దానిమీదే కూర్చుని పొద్దుటి నోటుపుస్తకం తెరుస్తుండగా చిన్నది బడి నుంచి వచ్చింది. సంచీ పడేసి, పెట్టె మీద తనకి కాస్త చోటు చేసుకుంది.

“వచ్చినమ్మా, డబ్బాలో చీటీ ఎందుకు పెట్టడం మానేశావు?”

“డబ్బా సర్దేది నేను కాదుగా ఇప్పుడు.”

“ఉన్నమ్మ ఒక్కటీ పెట్టలేదు. అడిగితే, ఏం చీటీ అంది.”

ఆ చీటీల ఆట కిందటేడు మొదలైంది. బడి డబ్బా మూత కింద చిన్న కాగితం. అందులో తల్లి తన షార్ట్‌హ్యాండ్ గుర్తులు రెండు మూడు గీసేది, పక్కన ఓ బొమ్మ. సున్నా, దాని లోపల చుక్క, పక్కన ఉయ్యాల: ‘సాయంత్రం మనం పార్కుకి’. ఇది నాన్నకి తెలియదు. నకలు తీసింది రెండేళ్ళ కిందట కాబట్టి ఉన్నమ్మకీ తెలియదు.

అంటే పిల్లకి తెలుసు. ఎవరు ఎవరో మొదటిరోజు నుంచీ తెలిసే ఉండాలి. వచ్చినమ్మ అడగాలనుకుని అడగలేదు. బోనెక్కి అమ్మవైపో నాన్నవైపో చూపించమంటే వణికిపోయే పిల్లల్ని ఆమె పద్నాలుగేళ్ళుగా చూస్తోంది. తన పిల్లని ఆ పనికి లాగకూడదని ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజే అనుకుంది.

“నకలుని తీసుకెళ్ళి ఏం చేస్తారు?” అంది చిన్నది, చెప్పు కొసతో నేల గీకుతూ.

“ఎవరన్నారు తీసుకెళ్తారని?”

“నాయనమ్మ ఫోన్లో చెబుతోంది. తీసుకెళ్తే ఇక అంతేనట. చంపేస్తారా?”

“నాకు తెలియదమ్మా.”

“మరి అసలుని?”

పిల్ల మొహం పాలిపోయి ఉంది. రాత్రుళ్ళు నిద్రపోవడం లేదని కళ్ళ కింద నలుపే చెబుతోంది. వచ్చినమ్మ ఆ జుట్టు వెనక్కి దువ్వి, ఎంత ధైర్యంగా చెప్పగలదో అంత ధైర్యంగా చెప్పింది.

“అసలుకి ఏం కాదు. నువ్వేం భయపడకు.”

“ఒట్టు?”

“ఒట్టు.”

చిన్నది తల ఊపింది. చిక్కు విడిపోయినట్టు మొహం తేటపడింది. లేచి, పాలు తాగడానికి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఉన్నమ్మతో ఏదో అని నవ్వడం నడవాలోకి వినిపించింది.

వచ్చినమ్మ పుస్తకం మీదికి వంగి, పొద్దుటి మాటల్ని మామూలు అక్షరాల్లోకి దించడం మొదలుపెట్టింది. పాము, కప్ప. పదోన్నతి. సంచులు. సీటు. ఆ రోజు బస్టాండులో.

తర్వాత ఓ సున్నా ఉంది. చుక్క సున్నా బయట ఉంది.

ఆ గుర్తు ఆమె సొంతం. పెద్దాయన నేర్పిన పద్ధతిలో ‘మేం’కీ ‘మనం’కీ ఒకటే గీత. ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఓ దొంగతనం కేసు వచ్చింది. పక్కింటివాడితో ‘మేం వెళ్తున్నాం’ అన్నానని ముద్దాయి బోనులో చెప్పాడు. ఈమె తిరిగి చదివేటప్పుడు ‘మనం’ అని చదివింది. ఊరికే నిలబడి విన్న ఆ పక్కింటివాడు ఏడాదిన్నర జైల్లో ఉన్నాడు. ఆ తర్వాత ఈమె తనకోసం ఓ గుర్తు కల్పించుకుంది. వినే మనిషే చుక్క. ఆ మనిషిని కలుపుకుంటే చుక్క సున్నా లోపల: మనం. వదిలేస్తే బయట: మేం.

చెయ్యి విన్నది రాసింది. చెవి మాత్రం పొద్దున దాన్ని జారవిడిచింది.

‘ఆ రోజు బస్టాండులో మేం టీ తాగుతుంటే.’

ఆ రోజు ఆమె టీ తాగలేదు. వాళ్ళు చేరేసరికే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చుంది, వెళ్ళిపోయింది. అప్పటికి వాన లేదు. అత్తగారు మోకాళ్ళతో ఇంట్లో, చిన్నది బడిలో. భార్యని బస్సెక్కించి బస్టాండు నుంచి ఒక్కణ్ణే తిరిగొచ్చానని ఆయన నమోదు కార్యాలయానికి కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మరి ‘మేం’ ఎవరు?

బస్సు వీధి మలుపు తిరక్కముందే ఆ రెండో మనిషి అక్కడ ఉంది. ఆయనకి తెలుసు. మొదటి నిమిషం నుంచీ తెలుసు. పదకొండు రోజులుగా మొహంలోకి చూస్తూ ‘తెలియదు’ అంటున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని జ్వరం సంగతి చెబుతున్నాడు. ఆమె దానికి జాలి కూడా పడింది.

ఆమె ఆ సున్నా వైపే చూస్తూ ఉండిపోయింది. బయట నిలబడ్డ ఆ చుక్క తనే.

*

సాయంత్రం డాబా మీద ఉన్నమ్మ ఆరిన బట్టలు తీస్తోంది. వచ్చినమ్మ పుస్తకం తెరిచి, వేలు ఆ లైను మీద పెట్టి, ఆమె ముందుకు చాచింది.

ఉన్నమ్మ చదివింది. ప్రపంచంలో ఆ రాత చదవగలిగిన రెండో మనిషి ఆమే. ఓసారి వచ్చినమ్మ సెలవులో ఉంటే, ఆ పుస్తకం చదివేవాళ్ళు లేక తోటి స్టెనోలు చేతులెత్తేశారు, కేసు వాయిదా పడింది.

తీసిన దుప్పటి ఉన్నమ్మ చేతిలోనే ఉండిపోయింది.

“టీ తాగింది నేనే,” అంది చివరికి.

“నువ్వు నకలువని నీకు తెలుసా?”

“కళ్ళు తెరవగానే కాగితం చదివి వినిపిస్తారు. తెలియకుండా ఎలా ఉంటుంది?”

“అంతా తెలిసే నా ఇంట్లో కూర్చున్నావు.”

“నువ్వు ఒప్పుకున్నావన్నారు ఆయన. ఈ కాపురం వద్దని, ఉద్యోగం చాలని, చిన్నదాన్ని నాకు వదిలేసి వెళ్తున్నావని. నీ సంతకం కూడా చూపించారు.”

“నేనలా అంటానా?”

“నేనైతే అనను,” అంది ఉన్నమ్మ. “ఆ ఒక్క మాట అనుకుని ఉంటే చాలు, అబద్ధమని తెలిసిపోయేది. అనుకోలేదు.”

“ఎందుకు?”

“పిల్లని చూడొచ్చు కదా అని.”

ఇద్దరూ పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డారు. కింద వీధిలో ఎవరో సైకిలుకి గాలి కొట్టుకుంటున్నారు. ఉన్నమ్మ మిగతాది చెప్పింది. రెండేళ్ళ కిందట వచ్చినమ్మ జబ్బుపడి ఆసుపత్రిలో ఉంటే, డాక్టర్లు ఆశ వదులుకున్న రోజున ఆయన కేంద్రానికి వెళ్ళాడు. పిల్లకి తల్లి ఉండాలని. తర్వాత భార్య బతికింది. తయారవుతున్న మనిషిని ఆపడం కుదరలేదు. తయారయ్యాక, తీసుకెళ్తారా పారెయ్యమంటారా అని అడిగారు. ఆయన తీసుకొచ్చి ఊరి చివర ఓ గదిలో పెట్టాడు.

“వారానికి రెండుసార్లు వచ్చేవారు. నీతో గొడవపడిన రోజుల్లో మూడుసార్లు,” అంది ఉన్నమ్మ. “నువ్వైతే నా మాట వింటావు అనేవారు. అది నన్ను మెచ్చుకోవడం అనుకున్నాను.”

“నాకు నిన్ను కొట్టాలనుంది,” అంది వచ్చినమ్మ.

“తెలుసు. నీ చెయ్యి పిడికిలి పట్టినప్పుడు బొటనవేలు లోపలికి పోతుంది. నాదీ అంతే.”

వచ్చినమ్మ పిడికిలి విప్పింది. ఏడవకూడదనుకుంది గానీ ఏడ్చింది. పక్కనున్న మనిషి కూడా ఏడుస్తోంది. ఇద్దరూ ఒకే కొంగుతో కాకపోయినా, ఒకే దుప్పటి రెండు కొసలతో మొహాలు తుడుచుకున్నారు.

“మనం ఏం చేద్దాం?” అంది ఉన్నమ్మ.

ఈ పదకొండు రోజుల్లో వాళ్ళిద్దరి మధ్యా ‘మనం’ అన్న మాట రాలేదు. వచ్చినమ్మ ఆమె మొహంలోకి చూసింది.

“రేపు ఈ పుస్తకం ఆవిడకి ఇస్తాను. రాసినవాళ్ళే చదివితే చెల్లదు, రెండోవాళ్ళు చదవాలి. మా కోర్టు పద్ధతి అది.”

“మన కోర్టు పద్ధతి,” అంది ఉన్నమ్మ. “నేను చదవాలి.”

“ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు. ఆయన అబద్ధం తేలిపోతుంది. తర్వాత నీ సంగతి నేను చూసుకుంటాను. జడ్జిగారి కాళ్ళు పట్టుకునైనా స్టే తెస్తాను. నిన్ను అక్కడికి పంపనివ్వను.”

“స్టే రావడానికి ఎన్ని రోజులు పడుతుంది?”

“పది. మహా అయితే పదిహేను.”

“బండి రేపే వస్తుందిగా.”

ఉన్నమ్మ దుప్పటి మడత పెట్టింది. నాలుగు కొసలూ కలిసేలా, వచ్చినమ్మ ఎలా పెడుతుందో అలాగే.

“సరే,” అంది. “చదువుతాను.”

*

పదింటికి రెండు నిమిషాల ముందే అధికారిణి వచ్చింది. తెల్ల బండి గేటు ముందు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపలేదు.

నడివయసు మనిషి, జలుబుతో గొంతు బొంగురుపోయి ఉంది. ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టి ఫారాలు తీసింది.

“అమ్మా, మీరు చెప్పండి. వీళ్ళలో మీ కోడలెవరు?”

“నాకు చూపు ఆనదమ్మా,” అంది అత్తగారు.

“మీ అబ్బాయిది కళ్ళద్దాల దుకాణమే కదా?”

“వాడు నా అద్దాలు మార్చి ఆరేళ్ళయింది.”

అధికారిణి పెదవుల చివర నవ్వు వచ్చి పోయింది. ఆయన వైపు తిరిగింది. ఆయన తన అద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.

“ఎవరో నాకు తెలియదండీ,” అన్నాడు. “నిజం తెలిస్తే చెప్పనా?”

వచ్చినమ్మ లేచి పుస్తకం బల్ల మీద పెట్టింది. ఇది నిన్న పొద్దున ఆయనా నేనూ మాట్లాడుకున్నది, ప్రతి మాటా ఉంది అంది. రెండోవాళ్ళు చదివితేనే చెల్లుతుందని, చదవగలిగింది ఈమె ఒక్కతేనని చెప్పింది. ఆయన తుడవడం ఆపాడు. తను నిన్న ఏమన్నాడో ఆయనకి గుర్తులేదు. గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడుతున్నట్టు మొహమే చెప్పింది.

“చదవండి,” అంది అధికారిణి ఉన్నమ్మతో.

ఉన్నమ్మ చదివింది. తడబడలేదు. కోర్టులో చదివినట్టే, గొంతులో రంగు లేకుండా చదివింది. పాము చదివింది, కప్ప చదివింది, మౌనం ఉన్నచోట ‘మౌనం’ అని కూడా చదివింది. అధికారిణి కలం ఆమె వెంట నడిచింది.

“సంచులు మోసింది నేను. సీటు చూసింది నేను. ఆ రోజు బస్టాండులో.”

ఆగింది.

గుమ్మం దగ్గర చిన్నది నిలబడి ఉంది, ఒంటి మీద బడి బట్టలు. బయట బండి ఇంజను ఆగకుండా మోగుతోంది. ఉన్నమ్మ ఆ చప్పుడు విన్నది. పిల్లని చూసింది. తర్వాత కళ్ళెత్తి నేరుగా వచ్చినమ్మనే చూస్తూ చదివింది.

“మనం టీ తాగుతుంటే వాన పట్టుకుంది.”

ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. ‘మనం’ అయితే అది బస్సెక్కేముందు పెళ్ళాంతో తాగిన టీ, అందులో రెండో మనిషి ఊసే లేదు.

“అది కాదు,” అంది వచ్చినమ్మ. “అక్కడ ఉన్నది ‘మేం’. చుక్క బయట ఉంది. చూడండి.”

“నాకా గీతలు తెలియవు,” అంది అధికారిణి. “చదవగలిగింది ఈమె ఒక్కతే అన్నది మీరే.”

వచ్చినమ్మకి అరవాలనిపించింది, అరవలేదు. ఆ చెయ్యి తనది, ఆ చదువు తనది, ఆ గొంతు తనది. మొగుడు మోసం చేస్తే తిట్టుకోవచ్చు. తన గొంతే తనని అమ్మేస్తే ఎవరిని తిట్టాలి? బయట ఆ బండి తనకోసం మోగుతుంటే తనైనా ఏమని చదివేదో ఆమెకి తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు, పెరిగింది.

“ఇంకొకరికి తెలుసు,” అంది.

ఆ మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయింది. ఉన్నమ్మ ఉలిక్కిపడింది. ఈ సంగతి ఆమెకి తెలియదు.

“చిన్నదానికి ఆ గుర్తు తెలుసు. డబ్బా చీటీల్లో నేనే నేర్పాను. అడగండి.”

“పిల్లల మాట మామూలుగా సాక్ష్యంగా రాసుకోను,” అంది అధికారిణి. కాస్త ఆగి, కలం పక్కన పెట్టింది. “వింటాను. రా అమ్మా.”

చిన్నది వచ్చింది. వచ్చినమ్మ పుస్తకం తిప్పి, ఆ లైను చూపించింది.

“చుక్క ఎక్కడుందో చెప్పు. అంతే. ఇంకేం చెప్పక్కర్లేదు.”

పిల్ల పుస్తకం మీదికి వంగింది. చాలాసేపు చూసింది. తలెత్తి ఉన్నమ్మని చూసింది, గేటు ముందున్న బండిని చూసింది.

“లోపలే ఉంది,” అంది.

అత్తగారు మోకాళ్ళ మీద చేతులు వేసుకుని నేలకేసి చూసింది. ఆ పెద్దావిడ నోట్లో నువ్వుగింజ నానదంటారు. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు.

అప్పుడు చిన్నది రెండు చేతులూ చాచి వచ్చినమ్మ మెడ చుట్టూ వేసింది. చెవికి నోరు ఆనించి, ఊపిరిలాంటి గొంతుతో చెప్పింది. పదకొండు రోజుల్లో మొదటిసారి పేరు కలపకుండా పిలిచింది.

“అమ్మా, నువ్వేం భయపడకు. అసలుకి ఏం కాదన్నావుగా. ఉన్నమ్మకే కదా అయ్యేది.”

వచ్చినమ్మకి ఒక్కసారిగా అర్థమైంది. పిల్ల ఎవరినీ ఎంచుకోలేదు. ఇద్దరినీ బతికించుకుంది. నిన్న మధ్యాహ్నం ఓదార్పుకి తను అన్న మాటనే, వేసిన ఒట్టునే పట్టుకుని.

“ఏమంటోంది పాప?” అంది అధికారిణి.

విన్నమాట విన్నట్టు చెప్పడం తప్ప వచ్చినమ్మకి మరో పని రాదు. ఇప్పుడు విన్నది విన్నట్టు చెబితే ఇల్లు తనది, పేరు తనది. ఉన్నమ్మ వెళ్ళి ఆ బండెక్కుతుంది. తన నోటి మాటతోనే ఎక్కిందని చిన్నది బతికినంతకాలం గుర్తుపెట్టుకుంటుంది. చెప్పకపోతే బండెక్కేది తను.

ఎదురుగా తన మొహమే తెల్లబోయి తనని చూస్తోంది. మెడ చుట్టూ ఉన్న చిన్న చేతులు బిగుసుకున్నాయి.

“చెప్పండమ్మా,” అంది అధికారిణి కలం తీసుకుంటూ. “ఏమంది?”

వచ్చినమ్మ నోరు తెరిచింది.